హైదరాబాద్ మాస్టర్ ప్లాన్ వల్ల చెరువులకు, నేలకు, గాలికి ఏమవుతోంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కాలనీ సంఘాల మీటింగుల్లో, చెరువు కట్టల మీద, ప్లాట్లు కొనేవాళ్ల నోట మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలివి. అన్నిటి వెనకా ఉన్నది ఒకటే: నగరానికి ప్లాన్ గీశాక దాని వల్ల నేల మీద ఏం జరుగుతోందో ఎవరైనా చూస్తున్నారా? మా సమాధానం కూడా ముందే చెప్పేస్తాం. కొలతలు చాలానే జరుగుతున్నాయి. కానీ ఆ కొలతలను ప్లాన్‌తో ముడిపెట్టే పని జరగడం లేదు. కింద చెప్పినవన్నీ ఆ ముడి ఎలా వేయాలన్నదాని గురించే.

మాస్టర్ ప్లాన్ అంటే రోడ్లు, ఫ్లైఓవర్ల సంగతే కదా? పర్యావరణంతో దానికేం పని?

రోడ్లు అందులో ఒక భాగం. ఏ సర్వే నంబరులో ఇల్లు కట్టుకోవచ్చు, ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టొచ్చు, ఏ నేలను సాగుకే వదిలేయాలి, ఏది చెరువు, ఏది నాలా అని చట్టబద్ధంగా తేల్చేది ఆ మ్యాపే. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) 2031 మాస్టర్ ప్లాన్ 2013 జనవరిలో జీవో 33తో అమల్లోకి వచ్చింది. అంతకుముందే ఉన్న పాత ఎంసీహెచ్ (మునిసిపల్ కార్పొరేషన్) ప్రాంతం ప్లాన్, హుడా (హెచ్‌ఎండీఏకు ముందున్న సంస్థ) ప్లాన్, సైబరాబాద్ ప్లాన్, ఎయిర్‌పోర్ట్ ప్రాంతం ప్లాన్, ఔటర్ గ్రోత్ కారిడార్ ప్లాన్ వేటికవే ఉన్నాయి. మీ స్థలం ఏ ప్లాన్ కిందికి వస్తుందో తెలుసుకోవడమే ఒక పని.

మ్యాపు మీద ఒక ముక్క రంగు మారితే నేల మీద ఏమవుతుందో లెక్క వేసి చూడండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. దాని మీద 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 4 లక్షల లీటర్ల నీళ్లు. అది చేను అయి, అందులో ఐదో వంతు బయటికి పారిందనుకుందాం. 5 వేల లీటర్ల ట్యాంకర్లలో కొలిస్తే 16 ట్యాంకర్లు. అదే ఎకరంలో స్లాబులు, సీసీ రోడ్లు, టైల్స్ వేసిన పార్కింగులు వచ్చి ఐదింట నాలుగు వంతులు పారితే 65 ట్యాంకర్ల దాకా వెళ్తుంది. వంద ఎకరాల వెంచర్ అయితే ఒక్క పెద్ద వానకు సుమారు 4,900 ట్యాంకర్ల నీళ్లు అదనంగా కిందున్న నాలా మీద పడతాయి. నాలా వెడల్పు మాత్రం పాతదే. నేల రకాన్ని బట్టి, వాన ఎంత జోరుగా కురిసిందన్నదాన్ని బట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి, పెరగడం మాత్రం ఖాయం.

అందుకే 2020 అక్టోబరు 13 రాత్రి ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు దాన్ని 'ప్రకృతి వైపరీత్యం' అని ఊరుకోవడం మాకు సబబుగా అనిపించలేదు. వాన ప్రకృతిదే. పల్లెచెరువు కింద అల్ జుబేల్ కాలనీ, గుర్రం చెరువు కింద హఫీజ్ బాబానగర్ మునిగిన తీరులో మాత్రం భూ వినియోగం వాటా ఉంది.

ప్రభావాలను గమనించడం అంటే పొల్యూషన్ బోర్డు చేసే పనే కదా?

పూర్తిగా కాదు. బోర్డు ఒక స్టేషన్ దగ్గర గాలినీ, ఒక చెరువు దగ్గర నీటినీ కొలుస్తుంది. ఆ అంకె ప్రమాణానికి లోబడి ఉందా లేదా అని చెబుతుంది. ఉదాహరణకు పీఎం 2.5 ధూళికి ఏడాది సగటు క్యూబిక్ మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు, పీఎం 10 అయితే 60. ఇది ఆరోగ్యానికి సంబంధించిన కొలత, చాలా అవసరం.

ప్లాన్‌ను గమనించడంలో అడిగే ప్రశ్న వేరు. ఈ ప్రాంతాన్ని మల్టిపుల్ యూజ్ జోన్ (ఇళ్లు, వ్యాపారాలు కలిసి రాగల ప్రాంతం) చేశాక ఇక్కడి గాలి ఎలా మారింది? ఎగువన కన్జర్వేషన్ జోన్‌ను (సాగుకు, పచ్చదనానికి వదిలిన నేలను) రెసిడెన్షియల్ చేశాక దిగువ చెరువులోకి వచ్చే నీళ్లు ఎలా మారాయి? ప్లాన్ వేసేటప్పుడు అనుకున్నది ఇదేనా, కాదా? కాకపోతే ప్లాన్‌ను సవరించాలా? జవాబులు రావాలంటే బోర్డు దగ్గరున్న అంకెలు, భూగర్భ జల శాఖ దగ్గరున్న అంకెలు, ఇరిగేషన్ వాళ్లవి, అనుమతుల విభాగం వాళ్లవి ఒకే మ్యాపు మీదికి రావాలి.

చట్టం ప్రకారం ఇది తప్పనిసరా?

మన దేశంలో కాదు. ఇదే పెద్ద లోటు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఒక్కో ప్రాజెక్టుకు వర్తిస్తుంది, నగరం మొత్తానికి గీసే మాస్టర్ ప్లాన్‌కు వర్తించదు. యూరోపియన్ యూనియన్‌లో 2001 నాటి ఆదేశం ప్రకారం ఇలాంటి ప్లాన్లకు ముందే పర్యావరణ అంచనా వేయాలి. అమల్లోకి వచ్చాక ప్రభావాలను గమనిస్తూ ఉండాలని, ముందు ఊహించని నష్టం కనిపిస్తే తొందరగా పసిగట్టి దిద్దుకోవాలని ఆ ఆదేశంలోని 10వ అధికరణం చెబుతోంది.

మన సుప్రీంకోర్టు కూడా ఈ దిశగా మాట్లాడింది. 2023 జనవరిలో చండీగఢ్ కేసు తీర్పులో, పట్టణాభివృద్ధికి అనుమతులిచ్చే ముందు పర్యావరణ ప్రభావ అంచనా వేసేలా ఏర్పాట్లు చేయాలని కేంద్ర, రాష్ట్ర స్థాయుల్లో చట్టసభలకూ ప్రభుత్వాలకూ విజ్ఞప్తి చేసింది. అడ్డూ అదుపూ లేని పెరుగుదల వల్ల బెంగళూరుకు పట్టిన గతిని అందులో ప్రస్తావించింది కూడా. హైదరాబాద్‌కు 2050 లక్ష్యంగా కొత్త ప్లాన్ తయారీ మొదలైంది కాబట్టి ఇది అడగాల్సిన సమయం.

పెద్ద ప్రాజెక్టులన్నిటికీ పర్యావరణ అనుమతి తీసుకుంటున్నారు కదా, అది చాలదా?

చాలదు. ఆ నోటిఫికేషన్ ప్రకారం భవనాలకు 20,000 చదరపు మీటర్ల నిర్మాణ విస్తీర్ణం దగ్గర అనుమతి అవసరం మొదలవుతుంది. టౌన్‌షిప్పులు, లేఅవుట్ల లాంటి ప్రాంత అభివృద్ధికి 50 హెక్టార్లు, అంటే 123 ఎకరాల పైమాట. ఇప్పుడు శంకర్‌పల్లి వైపో, ఇబ్రహీంపట్నం వైపో వెళ్లి చూడండి. వెంచర్లు ఐదెకరాలవి, పదెకరాలవి, ముప్పై ఎకరాలవి ఉంటాయి. ఒక్కోటి విడిగా చూస్తే చిన్నదే, అనుమతి గీత కిందే ఉంటుంది. ఒకే వాగు పరీవాహకంలో అలాంటివి ఇరవై వస్తే ఆ వాగుకు పట్టే గతి ఏ ఒక్క ఫైల్‌లోనూ కనిపించదు. అన్నీ కలిపి చూడగలిగేది ప్లాన్ స్థాయిలోనే.

అనుమతి తీసుకున్నవాళ్లు కూడా ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. మీ పక్కన పెద్ద గేటెడ్ కమ్యూనిటీ కడుతుంటే ఆ నివేదిక అడిగి తెప్పించుకుని చదవండి. ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) సామర్థ్యం ఎంత, శుద్ధి చేసిన నీళ్లు ఎటు వదులుతున్నారు అన్నవి అందులో ఉండాలి.

ఏ సంవత్సరంతో పోల్చాలి? అందరూ ఒక్కో తేదీ చెబుతారు.

ప్లాన్ ప్రభావం చూడాలంటే ప్లాన్ అమల్లోకి వచ్చిన రోజే ఆధారం కావాలి. 2031 ప్లాన్‌కైతే 2013 జనవరి. దానికి ముందు రెండు మూడేళ్ల అంకెలు కూడా పెట్టుకోవాలి. ఒక్క ఏడాదే తీసుకుంటే అది కరువు సంవత్సరమో, వరద సంవత్సరమో కావచ్చు, పోలిక మొత్తం తప్పుతుంది.

చెరువుల విషయంలో ఇంకా వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే 2013 నాటికే చాలా చెరువులు సగం పోయాయి. దాన్నే ఆధారంగా తీసుకుంటే అప్పటికే జరిగిన ఆక్రమణకు ఆమోదముద్ర వేసినట్టవుతుంది. రెవెన్యూ గ్రామ నక్షలు, పాత పహాణీల్లో శిఖం (చెరువు ముంపు) భూమిగా రాసిన సర్వే నంబర్లు, సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు తిరగేయాల్సిందే. ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, ల్యాండ్‌శాట్‌వి ఉచితంగానే దొరుకుతాయి.

సరే, ఏమేం కొలవాలి?

అన్నీ కొలవాలనుకుంటే ఏదీ సరిగ్గా కొలవలేం. మా అభిప్రాయంలో హైదరాబాద్‌కు ముందు నీళ్లు. ఈ నగరం గొలుసుకట్టు చెరువుల మీద పెరిగింది. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అక్కణ్నుంచి మూసీకి. హెచ్‌ఎండీఏ పరిధిలో మూడు వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయి. కాబట్టి మొదటి కొలత చెరువు విస్తీర్ణం, రెండోది గొలుసు తెగిందా లేదా అన్నది. రెండోదాన్ని అసలు పట్టించుకోవడం లేదు. చెరువు చుట్టూ ఫెన్సింగ్ వేసి, వాకింగ్ ట్రాక్ కట్టి, నీళ్లొచ్చే కాలువను మూసేస్తే అది చెరువు ఆకారంలో ఉన్న మురుగుగుంట. విస్తీర్ణం లెక్కలో మాత్రం 'సురక్షితం' అని వస్తుంది.

నీటి నాణ్యతకు బీఓడీ (నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్), కరిగిన ఆక్సిజన్ రెండూ ముఖ్యం. స్నానానికి పనికొచ్చే నీటిలో బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు, ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. బీఓడీ 30 దాటిన నదీ భాగాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మొదటి ప్రాధాన్య జాబితాలో పెట్టింది, మూసీ అందులో ఉంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నాచు పట్టి పచ్చగా ఉన్న చెరువులో మధ్యాహ్నం శాంపిల్ తీస్తే ఆక్సిజన్ బాగా కనిపిస్తుంది, ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి. రాత్రంతా అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున తీస్తే అదే చెరువులో చేపలు బతకలేనంత తక్కువ ఉండొచ్చు. శాంపిల్ ఏ టైముకు తీశారో రాయని రిపోర్టును మేం నమ్మం.

భూగర్భ జలాలను మే నెలతో మే నెలను, నవంబరుతో నవంబరును పోల్చాలి. చెట్ల విషయానికొస్తే మొక్కలు ఎన్ని నాటారన్నది కొలత కాదు, నీడ ఎంత విస్తీర్ణంలో ఉందన్నది కొలత. వేడిమికి ఉపగ్రహపు థర్మల్ చిత్రాలు ఉపయోగపడతాయి, కానీ ఒక ఏడాది ఏప్రిల్‌ను ఇంకో ఏడాది ఏప్రిల్‌తోనే చూడాలి. గాలి, శబ్దం, చెత్త కూడా కొలవాల్సినవే. వాటికి ఇప్పటికే వేరే కార్యక్రమాలు ఉన్నాయి కాబట్టి ఇక్కడ వివరంగా రాయడం లేదు.

ఎఫ్‌టీఎల్, బఫర్ అంటారు. అవి మారిపోతాయా?

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎంత దూరం నిలబడతాయో ఆ మట్టం. మత్తడి ఎత్తే దాన్ని తేలుస్తుంది. 2012 నాటి జీవో 168 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువులకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి, కుంటలకు, శిఖం భూములకు 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన నాలాలకు 9 మీటర్లు, చిన్న నాలాలకు 2 మీటర్లు.

కాగితం మీద మట్టం మారకూడదు. నేల మీద మార్చేస్తుంటారు. పద్ధతి చాలా సులువు: రాత్రికి రాత్రి మత్తడి దిమ్మె నుంచి రెండు మూడు వరసల రాయి తీసేస్తారు, లేదంటే తూము షట్టర్ మూసుకోకుండా అడ్డం పెడతారు. ఆ వానాకాలం చెరువు ఎప్పటిలా నిండదు. వాలు తక్కువున్న పైభాగంలో నీటి మట్టం అడుగు తగ్గినా అంచు పదుల మీటర్లు వెనక్కి పోతుంది. రెండేళ్లు అలా ఉంటే 'ఇక్కడికి నీళ్లు రావండీ, మీరే చూడండి' అని వచ్చిన సర్వేయర్‌కు పొడి నేల చూపిస్తారు. కాబట్టి గమనించాల్సింది నీళ్ల అంచును మాత్రమే కాదు, మత్తడినీ తూమునూ. మత్తడి రాతికట్టు మీద పెయింట్‌తో ఒక గీత గీసి, ఏటా వానాకాలానికి ముందు అదే కోణంలో ఫోటో తీసి పెట్టుకోండి. టేపు పెట్టి మత్తడి పైఅంచు నుంచి పక్కనున్న కదలని గుర్తు దాకా కొలిచి రాసుకోండి. ఖర్చేమీ లేదు, ఐదేళ్ల తర్వాత దీనికున్న విలువ మాత్రం చాలా ఎక్కువ.

ఇదంతా శాటిలైట్‌లోనే కనిపిస్తుంది కదా?

చాలావరకు కనిపిస్తుంది, కీలకమైనది కనిపించదు. ఉచితంగా దొరికే సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో చుక్క 10 మీటర్లు, ఐదు రోజులకోసారి కొత్త చిత్రం వస్తుంది. ల్యాండ్‌శాట్‌లో చుక్క 30 మీటర్లు. చిన్న కుంట చుట్టూ ఉండే 9 మీటర్ల బఫర్ సెంటినెల్‌లో ఒక్క చుక్క కూడా నిండదు. మట్టి నింపడం, పునాదులు తీయడం అన్నీ ఆ 9 మీటర్లలోనే మొదలవుతాయి. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువు పైనుంచి పచ్చిక బయలులా కనిపిస్తుంది, తెలియనివాళ్లు దాన్ని పచ్చదనం ఖాతాలో వేస్తారు.

అందుకని నగరం మొత్తాన్ని చూడటానికి ఉపగ్రహం, అనుమానం వచ్చిన చోట డ్రోన్ లేదా నేల మీద కొలత. నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ మన బాలానగర్‌లోనే ఉంది, వాళ్ల భువన్ పోర్టల్ ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఈ విషయంలో హైదరాబాద్‌కున్న సౌకర్యం దేశంలో చాలా నగరాలకు లేదు.

111 జీవో గురించి ఇన్నేళ్లుగా గొడవ. ఈ కొలతలు ఉంటే ఏం తేడా వచ్చేది?

చాలా తేడా వచ్చేది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచేశాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. అవి ముందు వరద ఆపడానికి కట్టినవి, తాగునీళ్లు ఆ తర్వాతి లాభం. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఆ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, సుమారు 1 లక్షా 32 వేల ఎకరాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, కాలనీలను కట్టడి చేసింది. సుప్రీంకోర్టు కూడా 1999 నాటి ఎం.వి. నాయుడు కేసులో ఈ జలాశయాల రక్షణ విషయంలో ముందుజాగ్రత్త సూత్రాన్ని (హాని పూర్తిగా రుజువు కాకపోయినా ముందే ఆపాలన్నదాన్ని) గట్టిగా నిలబెట్టింది.

2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. చెప్పిన ముఖ్య కారణం, నగరం తాగే నీటిలో ఈ జలాశయాల వాటా ఇప్పుడు 1.25 శాతం లోపే అని. ఆ అంకెను మేం కాదనడం లేదు. కానీ పాతికేళ్ల పాటు 111 పరిధి వల్ల నగరానికి జరిగిన మేలును తాగునీటి శాతంతోనే కొలవడమే అసలు తప్పు. ఆ లక్షా ముప్పై వేల ఎకరాల నేల ఎంత వానను పీల్చుకుంది, ఎంత వరదను ఆలస్యం చేసింది, దిగువన బోర్లకు ఎంత నీరందింది అన్నవి ఏటా కొలిచి ప్రచురించి ఉంటే చర్చ వేరేలా జరిగేది. ఆంక్షల వల్ల భూమి అమ్ముకోలేకపోయిన రైతుల బాధ కూడా నిజం. ఆ మేలు ఎంతో అంకెల్లో తేలి ఉంటే దానికి తగ్గ పరిహారం అడగడానికి వాళ్లకూ ఒక ఆధారం ఉండేది.

ఇప్పుడైనా మించిపోలేదు. జంట జలాశయాల నీటి మట్టాలు రోజూ వెలువడుతున్నాయి. నిండు మట్టాలు ఉస్మాన్‌సాగర్‌కు 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌కు 1,763.50 అడుగులు. పైన పడిన వానకు ఎన్ని గంటల్లో ఎంత నీరు చేరుతోందో వరుసగా నమోదు చేస్తే, పరీవాహకంలో కాంక్రీటు పెరిగేకొద్దీ ఆ సమయం తగ్గడం స్పష్టంగా కనిపిస్తుంది.

భూ వినియోగ మార్పిడి ఒక్కోటిగా జరుగుతుంటే దాన్ని ఎలా పట్టుకోవాలి?

సీఎల్‌యూ అని అందరూ పిలిచేది ఇదే. ముసాయిదా నోటీసు వస్తుంది, అభ్యంతరాలకు గడువు ఇస్తారు, తర్వాత ఉత్తర్వు. ప్రతి ఉత్తర్వులోనూ గ్రామం, సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఏ జోన్ నుంచి ఏ జోన్‌కు అన్నవి ఉంటాయి. అంటే డేటా ఉన్నట్టే, విడివిడి కాగితాలుగా. ఎవరో ఒకరు వాటిని ఒక ఎక్సెల్ షీట్‌లో వరసగా ఎక్కించి, ఏటా చివర కూడాలి. ఈ ఏడాది కన్జర్వేషన్ జోన్ నుంచి ఎన్ని ఎకరాలు పోయాయి, అందులో ఏ చెరువు పరీవాహకంలో ఎన్ని? ప్లాన్ ఎంత మిగిలిందో చెప్పే అంకె ఇది. మా దృష్టిలో అన్ని సూచికల్లోకీ ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే మిగతావన్నీ నష్టం జరిగాక కనిపించేవి, ఇది నష్టానికి ముందే కనిపిస్తుంది.

చెరువు పాడైతే అది ప్లాన్ వల్లే అని ఎలా తేల్చుతారు? వానలు లేకపోయినా పాడవుతుంది కదా?

మంచి ప్రశ్న. రెండు పనులు చేయాలి. జోన్ మారిన ప్రాంతంలో ఒక చెరువును, మారని ప్రాంతంలో అలాంటి ఇంకో చెరువును జతగా తీసుకుని రెండింటినీ ఒకేలా కొలవాలి. రెండూ ఎండితే వాన లేదని, ఒకటే పాడైతే కారణం అక్కడిదని తెలుస్తుంది. పారే నీటికైతే ఎగువన ఒక చోట, దిగువన ఒక చోట. మూసీ మీద గండిపేట దిగువన తీసిన శాంపిల్‌కూ నాగోలు దగ్గర తీసిన శాంపిల్‌కూ ఉన్న తేడా మధ్యలో నగరం కలిపినదే.

నూటికి నూరుపాళ్లు రుజువు దొరకదు. దొరికే దాకా ఆగుదామంటే చెరువు మిగలదు.

కొలిచాక ఏం చేయాలి?

అన్నిటికంటే బలహీనంగా ఉన్నది ఇక్కడే. ప్రతి కొలతకూ ముందే ఒక గీత ఉండాలి, ఆ గీత దాటితే ఎవరు ఏం చేయాలో, ఎన్ని రోజుల్లో చేయాలో కూడా ముందే రాసి ఉండాలి. ఉదాహరణకు ఇలా: ఒక పరీవాహకంలో కాంక్రీటు కప్పిన నేల నిర్ణయించిన శాతం దాటితే అక్కడ కొత్త సీఎల్‌యూలు ఆగిపోవాలి. చెరువులో బీఓడీ వరసగా మూడు నెలలు పెరిగితే ఎగువన కొత్త మురుగు కనెక్షన్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్లు ఎస్టీపీ పనిచేసే దాకా ఇవ్వకూడదు. గీత దాటాక కమిటీ వేస్తాం అనేది ఇందులో లెక్కలోకి రాదు. కమిటీ రిపోర్టు వచ్చేలోపు స్లాబ్ పడుతుంది, స్లాబ్ పడ్డాక లోపల కుటుంబాలు చేరతాయి. ఆ తర్వాత కూల్చివేత ఒక్కటే దారిగా మిగులుతుంది. అప్పు చేసి కొనుక్కున్నవాడు రోడ్డున పడతాడు, అమ్మినవాడు కనిపించడు. 2024లో హైడ్రా (చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే సంస్థ) ఏర్పడ్డాక మనం చూసిన దృశ్యాల్లో సగం, పదేళ్ల ముందు ఎవరో ఒక గీత దగ్గర ఆపి ఉంటే జరిగేవి కావు.

ఈ అంకెలు మామూలు మనుషులకు దొరుకుతాయా?

చాలావరకు. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఒక్కో చెరువుకు ఐడీ నంబరు, మ్యాపు, ప్రాథమిక నోటిఫికేషన్ అయిందా తుది నోటిఫికేషన్ అయిందా అన్నది ఉంటుంది. చెరువుల నీటి నాణ్యత పొల్యూషన్ బోర్డు దగ్గర, బోర్ల మట్టాలు భూగర్భ జల శాఖ దగ్గర, వాన లెక్కలు తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ దగ్గర. లేనివాటికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. 'చెరువు వివరాలు ఇవ్వండి' అని రాస్తే ఏదో ఒక జవాబు వస్తుంది. 'ఫలానా గ్రామంలో 2013 జనవరి నుంచి ఈ రోజు వరకు జరిగిన భూ వినియోగ మార్పిడి ఉత్తర్వుల నకళ్లు' అని రాస్తే పనికొచ్చేది వస్తుంది.

ఇదంతా అభివృద్ధికి అడ్డం కాదా?

నగరానికి ఇళ్లు కావాలి, ఉద్యోగాలు కావాలి. ఎక్కడ కడితే తక్కువ నష్టమో తెలిస్తే అక్కడ ధైర్యంగా ఎక్కువ అంతస్తులకు అనుమతివ్వొచ్చు. కొలతలు లేనప్పుడే ప్రతి నిర్ణయం గొడవై కోర్టుకు వెళ్తుంది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వ్యవహారం చూశాం. చెట్లు కొట్టడం మొదలయ్యాక, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నాక, అప్పుడు అక్కడ ఏ చెట్లున్నాయి, ఏ జంతువులున్నాయి అని లెక్కలు వెతుక్కున్నారు. ఆ లెక్క ప్లాన్‌లో ముందే ఉండాల్సింది.

ప్లాట్ కొనే ముందు నాలాంటివాడు ఏం చూసుకోవాలి?

సర్వే నంబరుతో మాస్టర్ ప్లాన్‌లో జోన్ ఏమిటో హెచ్‌ఎండీఏ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ మ్యాపులో మీ సర్వే నంబరు ఉందేమో చూడండి. గ్రామ నక్షలో నాలా గీత మీ ప్లాట్‌లోంచి వెళ్తోందేమో చూడండి, ఇది చాలామంది మర్చిపోతారు. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ఫీజు కడితే అన్నీ సెట్ అవుతాయనే మాట నమ్మకండి. చెరువు భూమికి అది వర్తించదు. చివరగా, సెప్టెంబరులో పెద్ద వాన పడిన మర్నాడు వెళ్లి ఆ స్థలంలో నిలబడండి. పక్కన మేకలు కాసే పెద్దాయనో, పాత ఇంట్లో ఉండే అమ్మో కనిపిస్తే 'నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవి?' అని అడగండి. బ్రోచర్‌లో లేనిది వాళ్లు చెబుతారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకు ఇవి వర్తిస్తాయా?

పద్ధతి అదే, సందర్భం వేరు. అమరావతి 217 చదరపు కిలోమీటర్ల రాజధాని నగరానికి 2015 అక్టోబరులో పర్యావరణ అనుమతి వచ్చింది కాబట్టి అక్కడ షరతులు, ఆరు నెలల నివేదికలు చట్టపరంగా ఉన్నాయి. 2017 నవంబరులో గ్రీన్ ట్రిబ్యునల్ కూడా షరతులు పెట్టి, అమలు చూడటానికి కమిటీలు వేసింది. అక్కడ ముందుగా చూడాల్సింది కొండవీటి వాగు వరద. విశాఖలో అయితే కొండల వాలు, తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు ముందుకొస్తాయి.

మా కాలనీ చెరువులో మట్టి పోస్తున్నారు. ఈ రోజే ఏం చేయాలి?

ముందు తేదీ, టైము, లొకేషన్ పడేలా ఫోటోలు, వీడియో తీయండి. లారీ నంబర్లు కనిపించాలి. ఒంటరిగా వెళ్లి గొడవ పెట్టుకోకండి. చెరువు ఐడీ నంబరు, సర్వే నంబరు రాసి తహసీల్దారుకు, ఇరిగేషన్ శాఖకు, హైడ్రాకు ఒకేసారి ఫిర్యాదు ఇచ్చి అందినట్టు స్టాంపు వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ కూడా ఇవ్వండి. వారం పది రోజుల్లో కదలిక లేకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచ్‌కు వెళ్లొచ్చు. నష్టం మొదలైన రోజు నుంచి ఆరు నెలల లోపు వెళ్లాలి, సరైన కారణం చూపితే మరో 60 రోజులు ఇవ్వొచ్చు. అందుకే మొదటి లారీ వచ్చిన రోజు తేదీతో ఉన్న ఫోటో అంత ముఖ్యం, దాన్ని ఫోన్లో మాత్రమే ఉంచకుండా ఇంకో ఇద్దరికి పంపి పెట్టుకోండి.